అగ్గిపుల్లలు అయిపోవాలి, కట్టెలు మాత్రం మొలవాలి

చిత్తూరులో ఉండే మా అక్క కొడుకు సెలవులకు తిరుపతి వచ్చాడు. ఒక రాత్రి భోజనాలయ్యాక నేను లాంగ్ డార్క్ అనే కంప్యూటర్ ఆట ఆడుతుంటే పక్కన చేరాడు. ఆటలో బయట మంచు తుఫాను. నా సంచిలో నాలుగైదు అగ్గిపుల్లలు మిగిలాయి, ఇప్పుడే పొయ్యి రాజెయ్యాలా, తెల్లారేదాకా చలికి ఓర్చుకోవాలా అని ఆలోచిస్తున్నాను. వాడు కాసేపు చూసి, "ఏంది మామా, అగ్గిపుల్లలు గూడా లెక్కపెట్టుకుంటా ఉండావు? అన్నీ మళ్ళా పుట్టేట్టు మోడ్ పెట్టుకుంటే పాయె గదా" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగాడు. "అట్లయితే మజా ఉండదురా" అన్నాను. ఆ జవాబు వాడికి సరిపోలేదు, నాకూ సరిపోలేదు. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అడవిలో ఒంటరిగా బతికే ఆటల్లో వనరులు ఎలా ఉండాలన్న దాని మీద ఆడేవాళ్ళు రెండు జట్లుగా ఉంటారు. అన్నీ మళ్ళీ మళ్ళీ దొరకాలి, ఎన్నాళ్ళైనా బతకగలగాలి అనేవాళ్ళు ఒక జట్టు. ఏదో ఒక రోజు అన్నీ అయిపోవాలి, ఆ భయమే ఆట అనేవాళ్ళు రెండో జట్టు. నేను రెండింట్లోనూ లేను. వనరు తిరిగి రావాలి, కానీ ఊరికే రాకూడదు. ఆడేవాడు దానికోసం శ్రమో, ఓపికో, కొంత నిగ్రహమో పెట్టాలి. అలా తిరిగొచ్చిన కట్టెకు, గడియారం తిరగ్గానే దానంతటది ప్రత్యక్షమయ్యే కట్టెకు చాలా తేడా ఉంది. చూడ్డానికి రెండూ ఒకే బొమ్మ కావచ్చు, ఆడేవాడి బుర్రలో మాత్రం రెండూ వేరు.

రెండు బకెట్ల నీళ్ళు

మైన్‌క్రాఫ్ట్ అనే ఆట తెలిసినవాళ్ళకు ఈ చిట్కా తెలిసే ఉంటుంది. రెండు గడుల పొడవు, రెండు గడుల వెడల్పుతో గుంట తవ్వి, ఎదురెదురు మూలల్లో ఒక్కో బకెట్ నీళ్ళు పోస్తే చాలు. ఆ గుంటలోంచి ఎన్ని బకెట్లు తోడుకున్నా మళ్ళీ నిండిపోతుంది. ఇక ఆ ప్రపంచంలో నీళ్ళ గురించి ఆలోచించే పనే ఉండదు. మా అక్క వాళ్ళ వీధిలో ఎండాకాలం ట్యాంకర్ వచ్చిన రోజు వీడు లోపల కూర్చుని అచ్చం ఆ గుంటే తవ్వుతున్నాడు, బయట మా అక్క డ్రమ్ములు జరుపుతూ వీణ్ణి పిలుస్తోంది. ఆట చూసి పిల్లలు నీళ్ళు వృథా చేస్తారని నేను అనడం లేదు. వాడు లేచి వెళ్ళి పైపు పట్టుకున్నాడు కూడా. నా బాధ ఆట గురించే. నీళ్ళు అనే ఇంత పెద్ద విషయాన్ని ఆ ఆట రెండు బకెట్లతో ముగించేసింది.

దీని పక్కన లాంగ్ డార్క్ పెట్టి చూడండి. కెనడాకు చెందిన హింటర్‌ల్యాండ్ స్టూడియో చేసిన ఆట, 2014లో ముందస్తు రూపంలో, 2017 ఆగస్టులో పూర్తిగా విడుదలైంది. అందులో ఎటు చూసినా మంచే, అంటే ఎటు చూసినా నీళ్ళే. ఎంత తీసుకున్నా తరగదు. కానీ ఆ మంచును కరిగించాలి, తర్వాత మరిగించాలి. దానికి మంట కావాలి, మంటకు కట్టెలు కావాలి, కట్టెలకోసం చలిలోకి వెళ్ళాలి, చలిలో తిరిగితే ఒంట్లో వేడి తగ్గుతుంది, దాహం కూడా పెరుగుతుంది. కాబట్టి అక్కడ తరగని నీళ్ళ గ్లాసు ఒక్కోటీ ఇంత కట్టె, ఇంత సమయం అడుగుతుంది. గాలి మొదలయ్యే ముందు మరో లీటరు కాచుకుందామా, ఉన్నది చాలనుకుని పడుకుందామా అని ఎన్నిసార్లు తర్జనభర్జన పడ్డానో.

చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. భూమిలో నీళ్ళు మళ్ళీ ఊరతాయి, నిజమే. వాన పడితే, చెరువు నిండితే, పక్క చేలో ఇంకో నాలుగు బోర్లు పడకపోతే.

నాటినవాడి హక్కు

డోంట్ స్టార్వ్ 2013లో వచ్చింది. చూడ్డానికి బొమ్మల కథలా ఉంటుంది గానీ, వనరుల విషయంలో అంత ఆలోచించి చేసిన ఆట నాకు ఇంకోటి కనిపించలేదు. అడవిలో సహజంగా ఉన్న గడ్డి దుబ్బును కోస్తే కొన్నాళ్ళకు మళ్ళీ పెరుగుతుంది. చలికాలంలో పెరగదు. దాన్ని పారతో పెకలించి మన గుడిసె పక్కన నాటుకోవచ్చు, దూరం నడిచే బాధ తప్పుతుంది. కానీ అప్పట్నుంచి అది మన బాధ్యత. కొన్నిసార్లు కోశాక ఆగిపోతుంది, పేడ వేస్తేనే మళ్ళీ చిగురిస్తుంది. పళ్ళ పొదలూ అంతే. ఆ పేడకోసం దున్నల్లాంటి జంతువుల మంద వెంట తిరగాలి. దగ్గరికి తెచ్చుకోవడం మన సౌకర్యం, దానికి చెల్లింపు ఎరువు. ఇంత చిన్న నియమంతో ఆడేవాడు వేటగాడి నుంచి రైతుగా మారతాడు. ఎక్కడా ఒక్క ముక్క ఉపదేశం లేదు.

అదే ఆటలో చెట్ల సంగతి ఇంకా బాగుంటుంది. చిన్న చెట్టు నరికితే ఒక దుంగ, నడి వయసుదైతే రెండు, పెద్దదైతే మూడు. ఆగినవాడికి ఎక్కువ దొరుకుతుంది. మరీ ఆగితే చెట్టు ముదిరి ఎండిపోయి మళ్ళీ ఒక్క దుంగకే వస్తుంది. ఎడాపెడా నరుక్కుంటూ పోతే ఒక్కోసారి ఒక చెట్టు లేచి నడిచి మీదికొస్తుంది. దాన్ని శాంతింపజేయడానికి ఒక దారుంది: దాని దగ్గర్లో విత్తనాలు నాటడం. మొదటిసారి నేను పరుగెత్తుతూ ఆ పని చేసినప్పుడు, ఆ చెట్టు నిజంగానే ఆగి వేళ్ళూనుకుని నిలబడిపోయింది. ఆటలో నేను కొట్టి గెలిచిన ఏ రాక్షసుడి కంటే అది నాకు ఎక్కువ గుర్తుంది.

స్నేహితులతో కలిసి వాల్‌హైమ్ ఆడిన రోజులు కూడా ఇక్కడ చెప్పాలి. అప్పట్లో తిరుపతి బైరాగిపట్టెడలో రూము. ఆట 2021 ఫిబ్రవరిలో వచ్చింది, వచ్చిన కొన్నాళ్ళకే మేము మొదలుపెట్టాం. పెద్ద హాలు కడదామని చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశాం. కొన్నాళ్ళకు కట్టెకోసం చాలా దూరం పోవాల్సొచ్చింది, మోసుకురావడంలోనే రాత్రయ్యేది. మాలో తక్కువ మాట్లాడే ఒకతను, మేమందరం గని తవ్వే పనిలో ఉండగా, హాలు వెనకాల ఒక వరుస మొక్కలు నాటాడు. అవి పెరిగాక తొందరలో ఎవడో అందులో ఒక చెట్టు కొట్టేశాడు. అందరం కలిసి వాణ్ణి తిట్టాం. అడవిలో అన్ని చెట్లు కొట్టినప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు! నాటిన చెట్టు కాబట్టి దానికి ఒక మనిషి ఉన్నాడు, అడవి చెట్టుకు లేడు. ఊరికే మొలిచే చెట్టు ఆడేవాళ్ళలో ఈ భావన తేలేదని నేను గట్టిగా నమ్ముతాను.

అయిపోయే వస్తువుల పని

అయితే అన్నీ తిరిగి రావాలా? లేదు. ఇక్కడ రెండో జట్టు మాటలో చాలా నిజముంది.

లాంగ్ డార్క్‌లో అగ్గిపుల్లలు దొరికినన్ని దొరుకుతాయి, తర్వాత ఉండవు. అవి అయిపోతాయన్న భయంతోనే భూతద్దం విలువ తెలుస్తుంది. భూతద్దం ఎన్నిసార్లు వాడినా అరగదు, కానీ ఆకాశం నిర్మలంగా ఉండాలి, ఆరుబయట ఉండాలి. అందుకని ఎండ కాసిన రోజు మన రోజు. ఆ రోజు రాజేసిన మంటలోంచి కాగడా తీసుకుని గుహలోకి మంటను మోసుకుపోవచ్చు. వెతికి తెచ్చుకున్న దుప్పటీ కోటూ చిరిగిపోతుంటే గుడ్డ దొరకదు. అప్పుడు కుందేలు తోలు, జింక తోలు, తోడేలు తోలు పనికొస్తాయి. అవి కూడా తెచ్చిన రోజే పనికిరావు. ఇంట్లో నేల మీద పరిచి రోజుల తరబడి ఎండనివ్వాలి. కుందేలు తోలు కంటే ఎలుగుబంటి తోలు చాలా ఎక్కువ రోజులు తీసుకుంటుంది. అంటే ఈ వారం చలికి పనికొచ్చే కోటు గురించి పోయిన వారమే ఆలోచించి ఉండాలి.

పాత లోకం వదిలిపెట్టిపోయిన వస్తువులు అయిపోతూ ఉండాలి, అడవి ఇచ్చేవి తిరిగి వస్తూ ఉండాలి. మొదటివి మనకు కొంత గడువిస్తాయి. ఆ గడువులోగా రెండోవాటితో బతకడం నేర్చుకోవాలి. రెండూ తరగనివైతే నేర్చుకునే అవసరమే రాదు. రెండూ తరిగేవైతే నేర్చుకున్నా లాభం లేదు.

వాల్‌హైమ్‌లో ఈ రెండూ చక్కగా ముడిపడ్డాయి. మొక్కలు నాటాలంటే ఒక పనిముట్టు కావాలి. ఆ పనిముట్టుకు కంచు కావాలి, కంచుకు రాగీ తగరం కావాలి. ఈ రెండు ఖనిజాలూ తవ్వితే మళ్ళీ రావు, మాయద్వారం గుండా తీసుకుపోనూ పోనివ్వరు, బండిలోనో పడవలోనో మోసుకురావాలి. తిరిగిరాని దాన్ని ఖర్చుపెట్టి, ఇక ఎప్పటికీ తిరిగొచ్చేదాన్ని సంపాదించుకుంటాం. ఆ ఖర్చు చేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. వణకాలి కూడా.

లాంగ్ డార్క్‌లో తూటాలు తయారుచేసుకునే వీలు తర్వాత కలిపారు. మందుగుండుకు మొద్దులు కుళ్ళబెట్టే పొడి, గంధకం, బొగ్గు కావాలి. బొగ్గు మన మంటలోంచే వస్తుంది, ఎంతైనా. మిగతా రెండూ వెతుక్కోవాల్సిందే, అయిపోతే అయిపోయినట్టే. దీన్ని కొందరు సగం చేసి వదిలేసిన పనిగా చూస్తారు. నాకు మాత్రం సరిగ్గా చేసిన పనిగానే అనిపిస్తుంది. తుపాకీ తరగనిదైతే విల్లు చేసే ఓపిక ఎవరికుంటుంది? ఆ విల్లుకు మేపుల్ కర్ర ఎండబెట్టాలి, పేగులు ఎండబెట్టి తాడు చెయ్యాలి, బాణాలకు కాకి ఈకలు ఏరుకోవాలి. తుపాకీ నోరు మూసినప్పుడే ఇవన్నీ గుర్తొస్తాయి.

ఒక్క రెసిపీ ఉంటే చాలదు

క్రాఫ్టింగ్, అంటే ఆటలో వస్తువులు మనమే తయారుచేసుకోవడం గురించి మాట్లాడేటప్పుడు ఆటలవాళ్ళు సాధారణంగా ఎన్ని వస్తువులు చేసుకోవచ్చో చెప్పుకుంటారు. వందల రెసిపీలు ఉన్నాయని గొప్పగా ప్రకటిస్తారు. నాకు ఆ లెక్క మీద ఆసక్తి లేదు. ఒకే అవసరానికి ఎన్ని దారులున్నాయి, ఒక్కో దారికి షరతు ఏమిటి అని చూస్తాను.

డోంట్ స్టార్వ్‌ను ఇంత పొగిడాను కదా, దాని లోపం కూడా ఇక్కడే ఉంది. తాడు కావాలంటే మూడు గడ్డి పరకల కట్టలు. అంతే, ఇంకో దారి లేదు. పాకాల దగ్గర మా ఊళ్ళో మా తాత తాళ్ళు పేనేవాడు. కిత్తలి మట్టలు కోసి, కుంటలో నానబెట్టి, బండ మీద బాది నార తీసేవాడు. ఆ నారతో పలుపులూ మోకులూ పేనేవాడు. కిత్తనార లేనప్పుడు కొబ్బరి పీచు, అదీ లేకపోతే పాత గోతాల దారం, మరీ తొందరైతే మా అవ్వ పాత చీర అంచు. ప్రతిదానికీ ఒక బలం, ఒక లోటు. కిత్తనార మోకు బావికి బాగుంటుంది, చీర అంచు దూడకు మెత్తగా ఉంటుంది. ఏది దేనికి వాడాలో తెలియడమే ఆయన పనితనం. నార నానడానికి రోజులు పడుతుంది కాబట్టి పలుపు తెగకముందే మొదలుపెట్టాలి అనేవాడు.

ఆ పనితనాన్ని ఆటలోకి తేవడం సాధ్యమే. లాంగ్ డార్క్‌లో మంట విషయంలో తెచ్చారు కూడా: అగ్గిపుల్ల ఉంది, గీసి నిప్పు తెప్పించే కడ్డీ ఉంది, భూతద్దం ఉంది, ఇంకో మంట నుంచి తెచ్చిన కాగడా ఉంది. మొదట అంటుకోవడానికి పాత పేపరు వాడొచ్చు, బిర్చ్ బెరడు వాడొచ్చు, నీటి ఒడ్డున దొరికే రెల్లు లాంటి మొక్క కంకి వాడొచ్చు. ఇన్ని దారులున్నా ఏ దారీ ఎప్పుడూ మంచిది కాదు. అందుకే ప్రతి పొయ్యీ ఒక చిన్న నిర్ణయం. ఇంటర్‌లోపర్ అనే చాలా కష్టమైన స్థాయిలో తుపాకులు లేవు, సిద్ధంగా చేసిపెట్టిన కత్తీ గొడ్డలీ దొరకవు. కొలిమికి పోయి ఇనుప ముక్కలతో మనమే చేసుకోవాలి. వస్తువులు తగ్గించినప్పుడు మిగిలిన దారుల విలువ ఎంత పెరుగుతుందో అక్కడ తెలుస్తుంది.

ఎదురు మాటలు

నాతో పాటు పనిచేసే ఒకాయన ఈ వాదన విని, "రోజంతా ఆఫీసులో చేసేది చాలక ఇంటికొచ్చి పేడ ఎత్తాలా సార్?" అన్నారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. శ్రమ పేరుతో విసుగును అమ్మే ఆటలు చాలా ఉన్నాయి. ఒకే చెట్టును వందసార్లు నొక్కించడం శ్రమ కాదు, టైంపాస్ కూడా కాదు. నేను అడిగే ధర అది కాదు. పేడ వెయ్యడం బాగుండటానికి కారణం, ఎప్పుడు వెయ్యాలి, ఏ పొదకు వెయ్యాలి, మంద దూరం పోకముందే వెళ్ళాలా అనే ఆలోచన అందులో ఉండటం. ఆలోచన లేని నొక్కుడు ఎంత ఉంటే ఆట అంత పాడవుతుంది. ఆయనలాంటివాళ్ళకు లాంగ్ డార్క్‌లో పిల్‌గ్రిమ్ స్థాయి ఉంది, జంతువులు మనల్ని చూసి పారిపోతాయి, వస్తువులూ బాగానే దొరుకుతాయి. మంచులో ఊరికే నడవడానికి కూడా అది అందమైన ఆట. దాన్ని నేను తక్కువ చెయ్యను.

ఇంకో ఎదురు మాట నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఇనుప బొమ్మ మనుషులు పుట్టే ఏర్పాటు కట్టి, మనం నిద్రపోతున్నా ఇనుము రాలేలా చేసేవాళ్ళున్నారు. 2021 నాటి మార్పులతో, రాతి మొన నుంచి బొట్లు బొట్లుగా పడే లావాను కింద గంగాళంలో పట్టుకుని, లావా కూడా తరగనిదిగా చేసుకోవచ్చు. ఇవి ఊరికే వచ్చేవేనా? కట్టినవాడు ఎంతో ఆలోచించి, ఎన్నో రాత్రులు కూర్చుని కట్టాడు. నా షరతు ప్రకారం వాడు ధర చెల్లించాడు, ఒకేసారి మొత్తం. అయితే ఆ రోజు తర్వాత వాడి ఆటలో బతుకు అనే ప్రశ్న పోతుంది, కట్టడం అనే ప్రశ్న మిగులుతుంది. మైన్‌క్రాఫ్ట్‌కు అది నష్టం కాదు, ఎందుకంటే కట్టడమే దాని ప్రాణం. బతకడమే ప్రాణమైన ఆటలో అలాంటి యంత్రం పెడితే నేను ఒప్పుకోను. ఈ గీత ఎక్కడ గీయాలో ప్రతి ఆటకూ విడిగా చూడాల్సిందే, ఒకే కొలత పనికిరాదు.

నలుగురూ కలిసి ఉండే లోకంలో ధర ఎవరు చెల్లిస్తారన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ఎకో అనే ఆట 2018 నుంచీ దీన్నే పట్టుకుంది. అందరిదీ ఒకే అడవి, మితిమీరి వేటాడితే ఒక జాతి పూర్తిగా పోతుంది, ఆడేవాళ్ళే కూర్చుని చట్టాలు రాసుకోవాలి. మంచి ప్రయత్నం. నేను ఇంకా దాంట్లో లోతుకు పోలేదు కాబట్టి ఎక్కువ చెప్పను.

శేషాచలం మీద ఆట చేస్తే

ఇన్నాళ్ళుగా మంచు అడవుల్లో తిరిగాక నాకొక కోరిక పుట్టింది. తలకోన నుంచి శేషాచలం లోపలికి సాగే ఆట ఒకటి రావాలి. కష్టకాలం చలికాలం కాదు, ఏప్రిల్, మే. వాగులు ఎండిపోతాయి, గడ్డి అంటుకుంటే కొండంతా కాలుతుంది, పొయ్యి రాజెయ్యడమే ప్రమాదం. కలేకాయలు, నేరేడు, ఈతపండ్లు వాటి వాటి రోజుల్లోనే దొరకాలి. ఉసిరికాయలు దులుపుకుంటే వచ్చే ఏడూ కాయాలి, తొందరపడి కొమ్మ విరిస్తే ఆ చెట్టు రెండు మూడేళ్ళు ఏమీ ఇవ్వకూడదు. తేనెపట్టు మొత్తం కోస్తే ఈగలు ఆ బండను వదిలిపోవాలి, పిల్లల భాగం ఉంచితే ఉండాలి. కిత్తనారా ఉండాలి, నానబెట్టడానికి మడుగులో నీళ్ళూ మిగలాలి.

ఎర్రచందనం దగ్గరే ఆలోచన తెగలేదు. ఆటలో అది నరకడానికి వీల్లేకుండా చేస్తే సులువు, కానీ అప్పుడది గోడ మీద బొమ్మతో సమానం. నరకనిస్తే, నరికినవాడికి ఏం జరగాలి? అటవీ శాఖ జీపు వచ్చి పట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అది పోలీసు ఆట అయిపోతుంది. ఆ చెట్టు స్వభావాన్నే నియమం చేస్తే చాలనిపిస్తోంది. మొద్దు నుంచి మళ్ళీ చిగురు వస్తుంది, అది నిజం. కానీ దాని విలువంతా చేవలో, అంటే లోపలి గట్టి కలపలో ఉంది, చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. కాబట్టి ఆటలో కూడా నరికిన మొద్దుకు చిగురు రావాలి, కొమ్మలు రావాలి, ఏళ్ళు గడిచేకొద్దీ చెట్టు పెరుగుతున్నట్టు కనిపించాలి. ఆడేవాడు ఎప్పుడు గొడ్డలి వేసి చూసినా లోపల తెల్లటి కలపే ఉండాలి. ఆట మొత్తం అయ్యేలోగా చేవ రాకూడదు. ఈ నియమాన్ని ముందే చెప్పాలా, ఆడేవాడే నరికి తెలుసుకోవాలా అని మా అక్క కొడుకును అడిగాను. చెప్పొద్దు మామా అన్నాడు. నాకేమో ఒక్కరైనా ఆడేముందే తెలుసుకుని నరక్కుండా వదిలేస్తే బాగుండుననిపిస్తుంది.